నేను చూపించిన బెజవాడ

మా కాలంలో బస్సుకి తలుపుండేది దిగడానికి. ఎక్కడానికి కిటికీ ఉండేది. ఇప్పటివాళ్ళకి చెబితే నమ్మరు. బస్సు స్టాండులోకి వంపు తిరుగుతుండగానే జనం దాని పక్కన పరిగెత్తేవారు, కిటికీలోంచి ముందు తువ్వాలు వేసేవారు, తువ్వాలు లేనివాళ్ళు చేతిసంచి వేసేవారు. రెండూ అంత నమ్మకమైనవి కావు. తువ్వాలు తీసి పక్కన పడేసి కూర్చునే మొండిఘటాలుంటారు. సంచిని ఒళ్ళో పెట్టుకుని మరీ కూర్చునే పుణ్యాత్ములుంటారు. అందుకని తెలివైనవాళ్ళు ఇంట్లోని పిల్లల్ని ఎత్తి కిటికీలోంచి లోపల పడేసేవారు. పిల్లల్ని తీసి పక్కన పెట్టడం ఎవరి తరమూ కాదు, గుక్కపట్టి ఏడుస్తారు కనక. (నన్ను కూడా మా నాన్న అలాగే ఎక్కించేవారు. పదేళ్ళొచ్చేదాకా బస్సుకి తలుపు ఏ వైపుంటుందో నాకు సరిగ్గా తెలియదంటే అతిశయోక్తి కాదు.) ఆ విద్య నాకూ వచ్చని చూపించుకోబోయి నేను చేసిన నిర్వాకం ఇది.

డెబ్భైల్లో సంగతి. నాకు ఇరవై ఒకటో ఏడు. టీచరు ట్రైనింగు పూర్తయింది, నూజివీడు అవతల ఒక పల్లెటూరి బడికి ఆర్డరు కూడా వచ్చింది. బడులు తెరిచే సోమవారం వెళ్ళి చేరాలి. చేరనిచ్చేదెవరు? మా నాన్న తిరువూరు పక్క ఊళ్ళో హెడ్మాష్టారు. కనిపించిన ప్రతి ఆడపిల్లకీ "చదువుకో అమ్మా, ఉద్యోగం చెయ్యి, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు" అని చెప్పే మనిషి. ఆదివారం చర్చిలో కూడా అదే మాట చెప్పేవారు. సొంత కూతురి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయనకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. "ఒక్కదానివి ఎలా ఉంటావు? బస్సు మారి ఎలా వెళ్తావు? ఏనాడైనా బజారుకెళ్ళి కొత్తిమీర కట్ట తెచ్చిన మొహమేనా ఇది?" అని రోజుకి మూడు పూటలా అడిగేవారు. (తెచ్చాను. కొత్తిమీర తెమ్మంటే మెంతికూర తెచ్చాను, అది వేరే సంగతి.) నేనేమో ఆ ఆర్డరు కాగితాన్ని బైబిల్లో పెట్టుకుని, పొద్దునా సాయంత్రం తీసి చూసుకుంటూ, మధ్యాహ్నం ఏడుస్తూ ఉండేదాన్ని.

అప్పుడే మా అక్క పురిటికి వచ్చింది, ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, మేం దొరసాని అనేవాళ్ళం. అది నడిచొస్తుంటే ఇంట్లో పెద్దవాళ్ళే పక్కకి తప్పుకునేవారు. రెండోవాడికి ఏడేళ్ళు, వాడు లాయరు. ఏం చెప్పినా "ఎందుకు?" అని అడిగేవాడు, జవాబు చెబితే "అయితే మరి అప్పుడు..." అని మళ్ళీ మొదలుపెట్టేవాడు. మూడోది నాలుగేళ్ళ బుజ్జి. చూడ్డానికి బొమ్మలా ఉండేది, కరిచేది. వీళ్ళు ముగ్గురూ ఎండాకాలం సెలవులంతా ఇల్లు పీకి పందిరేశారు. బెజవాడ చూపించమని, బారేజీ చూపించమని, రైలు చూపించమని ఒకటే గోల. మా ఊరికి రైలు లేదు కదా, రైలంటే వాళ్ళకి దేవుడి తర్వాత అంతటిది.

ఒకరోజు ఆ గోలా, నా ఏడుపూ ఒకేసారి జరుగుతుంటే నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "సరే, ఒక పని చెయ్యి. ఎల్లుండి ఈ ముగ్గుర్నీ నువ్వొక్కదానివే బెజవాడ తీసుకెళ్ళు. బారేజీ, రైలు చూపించి, దీపాలు పెట్టే వేళకి ఇంటికి తీసుకురా. తెచ్చావా, సోమవారం వెళ్ళి ఉద్యోగంలో చేరు. తేలేకపోయావా, ఆ కాగితం నాకిచ్చెయ్. మళ్ళీ ఆ మాటెత్తకు" అన్నారు. అమ్మ నోరు నొక్కుకుంది. అక్క మంచం మీంచే "నా పిల్లలతో పరీక్షలేంటి నాన్నా!" అని అరిచింది. నేను మాత్రం ఎగిరి గంతేశాను. బెజవాడకి వెళ్ళి రావడం కూడా ఒక పరీక్షేనా? నా ఉద్యోగం నా చేతికొచ్చేసినట్టే అనుకున్నాను.

ఆ రెండు రోజులూ ముగ్గుర్నీ వరండాలో కూర్చోబెట్టి తర్ఫీదిచ్చాను. ట్రైనింగు స్కూల్లో క్రమశిక్షణ గురించి నేర్పిందంతా వాళ్ళ మీద ప్రయోగించాను. "బస్సులో కూర్చోబెట్టాక నేను లేవమనేదాకా లేవకూడదు. ఎవరు పిలిచినా లేవకూడదు, బిస్కెట్లిస్తామన్నా లేవకూడదు. నా సీట్లో ఎవర్నీ కూర్చోనివ్వకూడదు. ఒకటికి వెళ్ళాలన్నా చిటికెనవేలెత్తి నన్నే అడగాలి. ఏం చెప్పాను?" అంటే ముగ్గురూ ఒక్క గొంతుతో అప్పజెప్పేవారు. లాయరు మాత్రం "నువ్వు లేకపోతే ఎవర్నడగాలి పిన్నీ?" అన్నాడు. "నేనెందుకు లేకపోతానురా, పిచ్చి ప్రశ్నలు వేయకు" అని కసిరాను.

ఆ రోజు తెల్లవారగానే బయల్దేరాం. నా చేతిలో మూడు గిన్నెల టిఫిన్ క్యారియరు, రెండో చేతిలో నీళ్ళ మరచెంబు. నాన్న గేటు దాకా వచ్చి, "ఎక్కేముందు కండక్టర్ని అడుగు, ఎటు వెళ్ళే బస్సో" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. పిల్లలకి అక్షరాలు నేర్పడానికి వెళ్ళేదాన్ని, బస్సు మీద బోర్డు చదువుకోలేనా? బస్టాండులో జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. ఒక ముసలామె వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ వెళ్ళి "ఇది ఎటు పోద్ది బాబూ, ఇది ఎటు పోద్ది?" అని అడుగుతోంది. పాపం చదువురాదు కాబోలు అని జాలిపడ్డాను కూడా. అంతలో ఒక బస్సొచ్చింది. ముందు రేకు మీద విజయవాడ అని ఇంతింత అక్షరాలు. అంతే, నేను పరిగెత్తాను. చువ్వ ఊడిపోయిన కిటికీ ఒకటి కనిపించింది. దొరసానిని ఎత్తాను, లాయరుని తోశాను, బుజ్జిని విసిరాను. "కూర్చోండి! లేవకండి!" అని అరిచి తలుపు వైపు వెళ్ళబోతే మరచెంబు బస్టాండు బల్ల మీదే మర్చిపోయానని గుర్తొచ్చింది. ఒక్క నిమిషం పని. చెంబు తీసుకుని వెనక్కి తిరిగేసరికి "రైట్ రైట్" అని వినపడింది. బస్సు కదిలింది.

"ఆపండి! పిల్లలు! నా పిల్లలు!" అని టిఫిన్ క్యారియరు గలగలలాడిస్తూ వెంట పరిగెత్తాను. మూల తిరిగేదాకా పరిగెత్తాను. కిటికీలోంచి ముగ్గురూ నన్ను చూశారు. ఒక్కరు కూడా లేవలేదు, ఏడవలేదు. బుజ్జి చెయ్యి ఊపింది. నేను రోడ్డు మధ్యలో కూలబడిపోతే పక్కనున్న పెద్దాయన, "కంగారు పడకమ్మా, నెమలి గుడి దాకా పోయి మళ్ళీ ఇక్కడికే వస్తాది" అన్నాడు.

"నెమలా? బోర్డు మీద విజయవాడ అనుంది కదండీ!"

"నిన్న బెజవాడ నుంచొచ్చిన బండమ్మా. రేకు మార్చలేదు. బోర్డెవరు చూస్తారు, అడగాలిగానీ!"

అప్పుడు నాకు తెలిసొచ్చింది, స్టాండులో అందరూ అడిగి ఎక్కారని. ఆ ముసలామె కూడా అడిగి, నెమలి వేణుగోపాలస్వామిని చూసుకోవడానికి ఆ బస్సే ఎక్కి వెళ్ళిందట. చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే తప్పు చదివాను. అసలు బెజవాడ బస్సు దాని వెనకే వచ్చి, నా కళ్ళ ముందే నిండిపోయి, వెళ్ళిపోయింది. నాకిక బెజవాడ అక్కర్లేదు, ఉద్యోగం అక్కర్లేదు, ఆ ముగ్గురూ కనిపిస్తే చాలనిపించింది. రోడ్డు మీదే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

అలా ఏడుస్తుంటే డబడబమంటూ మా చర్చి అయ్యగారి మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఆయన ఆ నెమలి దారిలోనే గంపలగూడెం వైపు ఎవరింట్లోనో ప్రార్థనకి వెళ్తున్నారు. సంగతంతా విని, తొణక్కుండా "దేవుడున్నాడమ్మా. కండక్టరు కూడా ఉన్నాడు. ఎక్కు" అన్నారు. ఎక్కాను, ఒక పక్కకి కూర్చుని, ఒళ్ళో క్యారియరు, చేతిలో చెంబు. అయ్యగారు మంచివారు, ఆయన బండి ఇంకా మంచిది, ఎవర్నీ నొప్పించకుండా నడిచేది. సైకిలు మీద వెళ్ళేవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ "వందనాలండీ అయ్యగారూ" అని పలకరించి మరీ ముందుకి వెళ్ళేవారు. ప్రతి పలకరింపుకీ ఆయన బండి ఆపి, "బాగున్నావా? అమ్మాయికి నెమ్మదించిందా? మొన్న ఆదివారం కనపడలేదేం?" అని అడిగేవారు. నేను వెనకనుంచి "అయ్యగారూ, పిల్లలండీ" అంటుంటే "ఆఁ, వెళ్ళిపోదాం, వెళ్ళిపోదాం" అనేవారు.

దారిలో ఒకామె ఏకంగా రోడ్డుకి అడ్డం నిలబడింది. "అయ్యగారూ, మా గేదె రెండ్రోజుల్నించి మేత ముట్టుకోవట్లేదండీ. ఒక్క ప్రార్థన చేసి పోండి" అంది. ఆయన దిగారు. నన్నూ దిగమన్నారు. దొడ్లోకి వెళ్ళి, గేదె ముందు నిలబడి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. లోకమంతటికీ శాంతి కోరారు, వానల కోసం వేడుకున్నారు, రాజ్యాధికారులకి జ్ఞానం ఇమ్మన్నారు, ఆ ఇంటివాళ్ళని పేరుపేరునా దీవించారు, అప్పుడు గేదె దగ్గరికి వచ్చారు. నేను ఒక కన్ను తెరిచి చూస్తే గేదె నన్నే చూస్తోంది. మా ఇద్దరి పరిస్థితీ ఒకలాగే ఉంది. "ప్రభువా, పిల్లలు దొరికితే ఇంకెప్పుడూ నాన్నకి ఎదురు చెప్పను" అని నేను లోపల్లోపల నా ప్రార్థన చేసుకున్నాను. (ఆ మాట నేను నిలబెట్టుకోలేదు. ఆయన క్షమించే ఉంటాడు.)

గంపలగూడెంలో టీ కొట్టు దగ్గర అడగకముందే వార్త వచ్చింది. "ముగ్గురు పిల్లలాండీ? బస్సులో ఉన్నారండి. దింపుదామని చూశారంట, దిగలేదంట. ఆ చిన్నపిల్ల ఎవర్నో కరిచిందంట" అన్నాడు కొట్టతను. నాకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. కరిచిందంటే మా బుజ్జే.

నెమలి చేరేసరికి బస్సు గుడి దారిలో వేపచెట్టు నీడన ఆగుంది. కిటికీ చుట్టూ తిరణాల్లాగా జనం. మెట్టు మీద కండక్టరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఓడిపోయినవాడిలా కూర్చున్నాడు. నన్ను చూసి లేచి, "మీరేనా ఆ పిన్ని?" అన్నాడు. నేను తలూపాను. "అమ్మా, నేను బస్సాపి గంపలగూడెంలో దించుదామంటే దిగలేదు. బిస్కెట్లిస్తానన్నాను, దిగలేదు. పోలీసుల్ని పిలుస్తానన్నాను, ఆ పిల్లోడు 'ఎందుకు?' అన్నాడు. మీ సీటంట, దాంట్లో ఒక పెద్దాయన కూర్చోబోతే ఆ చిన్నది కరిచింది. ఆయన నెమలి దాకా నిలబడే వచ్చాడు. పన్నెండేళ్ళ సర్వీసమ్మా నాది, ఇట్టాంటి ప్యాసింజర్లని చూళ్ళేదు!" అన్నాడు. లోపలికి చూస్తే దొరసాని నా సీటు మీద చెయ్యి అడ్డంగా చాపి, మహారాణిలా కూర్చునుంది. బుజ్జి మూతి నిండా పసుపుపచ్చగా పులిహోర మెతుకులు. లాయరు మాత్రం ఎర్రబడిన మొహంతో చిటికెనవేలు పైకెత్తి కూర్చున్నాడు. ఎప్పుడెత్తాడని అడిగితే గంపలగూడెంలోనట! "లేవండిరా!" అని నేను అనడం ఆలస్యం, వాడు కిటికీలోంచి దూకి వేపచెట్టు వెనక్కి పరిగెత్తాడు. నేను మిగతా ఇద్దర్నీ వాటేసుకుని ఏడుస్తుంటే జనమంతా చప్పట్లు కొట్టారు.

పులిహోర పంపించింది గుడి పూజారిగారు. ఆయన కూడా అక్కడికొచ్చి, మా అయ్యగారిని చూసి కాస్త మొహమాటపడి, "మీ పిల్లలాండీ? పొద్దుట్నించి ఏమీ తినలేదన్నారు, దిగమంటే దిగరు. అందుకని కిటికీలోంచే పెట్టించాను. మీకేమీ ఇబ్బంది లేదు కదా?" అన్నారు. అయ్యగారు బుజ్జి మూతిని కాసేపు పరీక్షగా చూసి, "ఆకలేసిన పిల్లలకి అన్నం పెడితే ఇబ్బందేంటండీ?" అని, గొంతు తగ్గించి, "ఇంకో పొట్లం ఉందాండీ?" అన్నారు. ఇద్దరూ చెట్టు కింద కూర్చుని వానల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. బయల్దేరేటప్పుడు నేను అయ్యగారిని పక్కకి పిలిచి "నాన్నకి చెప్పకండి" అని బతిమాలాను. "నేనెందుకు చెప్తానమ్మా!" అన్నారాయన.

ఆ బస్సు మళ్ళీ మధ్యాహ్నం దాకా కదలదన్నారు. అందుకని ఊరు చివర ఒక మామిడితోటలో క్యారియరు విప్పుకున్నాం. పిల్లలు నేలరాలిన కాయలు ఏరారు, కాలవలో కాళ్ళు ముంచారు, గాజుల దుకాణం ముందు నిలబడి అన్ని గాజులూ చేతులకెక్కించుకుని మళ్ళీ తీశారు. ఒక కోతి లాయరు చేతిలో ఇడ్లీ లాక్కుపోతే వాడు దాన్ని కూడా ఎందుకని అడిగాడు. నా తల మాత్రం ఇంకెక్కడో ఉంది. పిల్లలు దొరికారు కనక ఇప్పుడు మళ్ళీ ఉద్యోగం కావాలనిపిస్తోంది. మనిషి బుద్ధి అంత త్వరగా తిరుగుతుంది! అప్పుడే బుజ్జి నా మెడ చుట్టూ చేతులేసి, "పిన్నీ, బెజవాడ చాలా బాగుంది" అంది. నాకు చటుక్కున దుర్బుద్ధి పుట్టింది.

తిరుగు బస్సులో పాఠం మొదలుపెట్టాను. "కృష్ణ ఎలా ఉంది?" "వెడల్పుగా ఉంది." "బారేజీ ఎలా ఉంది?" "పొడుగ్గా ఉంది." "రైలు ఏ రంగు?" "ఎరుపు." "ఎలా కూసింది?" ముగ్గురూ కలిసి కూశారు, డ్రైవరు బ్రేకు వేశాడు. లాయరు మాత్రం మధ్యలో ఆగి, "పిన్నీ, అబద్ధం చెప్తే గోడకుర్చీ వేయిస్తానన్నావు కదా?" అన్నాడు. "ఇది అబద్ధం కాదురా, పాఠం. నేను హిమాలయాలు చూశానా? రేపు పిల్లలకి చెప్పనూ?" అన్నాను. వాడు మొదటిసారి నోరు మూసుకున్నాడు. గెలిచాననుకున్నాను.

దీపాలు పెట్టకముందే ఇల్లు చేరాం. నాన్న వరండాలో కూర్చునున్నారు. "చూశారా బెజవాడ?" అన్నారు. ముగ్గురూ వరసగా చేతులు కట్టుకుని నిలబడి, "బెజవాడ కృష్ణానది ఒడ్డున ఉన్నది. కృష్ణ వెడల్పుగా ఉండును. బారేజీ పొడుగ్గా ఉండును. రైలు ఎర్రగా ఉండును" అని ఏకధాటిగా అప్పజెప్పి, చివర కూత కూశారు. నాన్న శ్రద్ధగా విన్నారు. "బాగుంది. మరి బెజవాడలో ఏం తిన్నారు?" అన్నారు. ఆ ప్రశ్న నేను చెప్పిన పాఠంలో లేదు. "పులిహోర! కిటికీలోంచి!" అని అరిచింది బుజ్జి. దొరసాని దాని నోరు మూసింది, అది దొరసాని చెయ్యి కరిచింది. నాన్న నా వైపు తిరిగి, "దారిలో ఆ గేదె కులాసాగా ఉందా?" అన్నారు.

అయ్యగారు మధ్యాహ్నమే వచ్చి వెళ్ళారట. నా సంగతి చెప్పడానికి కాదు, ప్రార్థన తర్వాత గేదె మేత తిన్న సంగతి చెప్పడానికి. అది చెబుతూ చెబుతూ, ఆ గేదె పక్కన ఎవరున్నారో, ఎందుకున్నారో కూడా చెప్పేశారట. లోపలికెళ్ళి బైబిల్లోంచి ఆర్డరు కాగితం తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను. "బోర్డు చూశాను నాన్నా, అడగలేదు" అన్నాను. ఆ పైన ఏడుపే వచ్చింది.

నాన్న కాగితం తీసుకోలేదు. "బస్సు తప్పినందుకు నేనేమీ అనుకోలేదు. ఎవరికైనా తప్పుతుంది. పసిపిల్లల చేత ఈ పాఠం చెప్పించావు చూడు, దానికి మాత్రం నిన్ను ఎక్కడికీ పంపకూడదనిపించింది" అన్నారు. నేను తలెత్తలేదు. ఆయన మళ్ళీ, "కానీ మూడు గంటల సేపు, కండక్టరు చెప్పినా, డ్రైవరు చెప్పినా, నీ మాట మీద ఆ ముగ్గురూ కదల్లేదంట. నాకు ఇరవై ఏళ్ళ సర్వీసు. నేను బడి గడప దాటితే నా పిల్లలు ఐదు నిమిషాలు కూర్చోరు" అన్నారు. అని, పేపరు విప్పుకుని, దాని వెనకనుంచి "సోమవారం బస్సు ఎన్నింటికి?" అన్నారు. లోపల మంచం మీంచి అక్క, "అయితే నా పిల్లలకి రైలెవరు చూపిస్తారు?" అంది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

సోమవారం నాన్న ఇస్త్రీ పంచె కట్టుకుని బస్టాండుకి వచ్చారు. నా ట్రంకు పెట్టె తనే మోసుకొచ్చి పైకెక్కించారు. నన్ను తలుపులోంచే ఎక్కించి, కిందనుంచి కండక్టరుతో, బస్సంతా వినపడేలా, "టీచరమ్మగారండీ. కొత్తగా ఉద్యోగంలో చేరడానికి వెళ్తున్నారు. కాస్త జాగ్రత్తగా దింపండి" అన్నారు. ఇంట్లో నన్ను 'ఏమే' అని తప్ప పిలిచి ఎరగని మనిషి. బస్సులో జనమంతా తిరిగి నన్నే చూశారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అందరి ముందూ ఆ గారూ, ఆ వెళ్తున్నారూ ఏంటి, పరువు తీయడం కాకపోతే! మూతి ముడుచుకుని అటువైపు తిరిగి కూర్చున్నాను. బస్సు కదిలినా ఇటు తిరగలేదు.

తర్వాత ముప్ఫైయేడేళ్ళు ఊరూరా పిల్లలు, వాళ్ళ తల్లులు, పంచాయతీ ప్రెసిడెంట్లు, అందరూ నన్ను టీచరమ్మగారూ అనే పిలిచారు. ఎంతమంది పిలిచారో! మొట్టమొదట పిలిచింది మాత్రం మా నాన్న. ఆయన ఆ రోజు బస్సు మూల తిరిగేదాకా అక్కడే నిలబడ్డారట, అమ్మ తర్వాత చెప్పింది. ఇప్పుడా సంగతి తలుచుకుంటే కిటికీ పక్కన మొహం తిప్పుకుని కూర్చున్న ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల కనిపిస్తుంది. దాన్ని చూస్తే నవ్వూ వస్తుంది, నెత్తిన ఒక్క మొట్టికాయ వేసి, "ఒక్కసారి ఇటు తిరిగి చూడవే మొద్దూ" అనాలనీ అనిపిస్తుంది.